మునిరత్నం ఇంటి ఎర్త్ గుంత

ఏసీ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్లు నన్ను ముందుగా గ్యాసు గురించి అడుగుతారు. ఎంత ఎక్కించాలి, లీకు ఎట్లా పట్టాలి, రాగి పైపు నలగకుండా ఎట్లా వంచాలి అని. ఇవన్నీ నేర్చుకోవలసినవే. కానీ గ్యాసు పనిలో తప్పు చేస్తే గది చల్లబడదు, ఇంటివాళ్లు ఫోన్ చేసి తిడతారు. కరెంటు పనిలో తప్పు అట్లా బయటపడదు. గది చక్కగా చల్లబడుతూనే ఉంటుంది. తప్పు గోడలోనో ఫాల్స్ సీలింగ్ పైనో ఏళ్ల తరబడి ఎవరి కంటా పడకుండా ఉంటుంది.

నేను తిరుపతిలో, ఆ చుట్టుపక్కల ఊళ్లలో ఈ పని చేసి మానుకున్నాను. పనిలో ఎక్కువ కాలం మునిరత్నం పక్కనే ఉన్నాను. నాకంటే పెద్దవాడు, నాకంటే మంచి పనివాడు. పోయిన ఎండాకాలంలో చనిపోయాడు. ఆయన గురించి మంచి మాటలు చాలామంది చెప్పారు, అవి నిజమే. నేను ఆయన పని గురించి చెబుతాను. అందులో ఒక తప్పు కూడా ఉంది. దాన్ని వదిలేసి రాస్తే మీకు ఉపయోగం ఉండదు. ఆయనకు అది మర్యాద కూడా కాదు.

పెట్టెలో నీళ్లు

ఇంటి లోపల ఉండే భాగాన్ని మామూలు ఇళ్లలో ఇండోర్ అంటారు. పెద్ద ఇళ్లలో సీలింగ్ పైన దాచి, గదులన్నిటికీ డక్టులతో గాలి పంపేదాన్ని ఎయిర్ హ్యాండ్లర్ అంటారు. పేరు ఏదైనా లోపల ఉండేవి ఒక ఫ్యాను, చల్లటి రాగి గొట్టాల కాయిలు, దాని కింద నీళ్ల ట్రే. గాలిలోని తేమ కాయిలు మీద నీళ్లై ట్రేలోకి కారుతుంది. అంటే ఇనుప పెట్టెలో నీళ్లూ కరెంటూ పక్కపక్కనే పెట్టి, దాన్ని మనుషులు పడుకునే చోట బిగిస్తున్నామన్నమాట. ఈ సంగతి గుర్తుంటే నియమాలన్నీ వాటంతట అవే అర్థమవుతాయి.

దానికి బోర్డు నుంచి వేరే లైను వేయాలి. ఫ్రిజ్ లైనులో కలపకూడదు. లోడు ఎక్కువైతే తనంతట పడిపోయే ఎంసీబీ స్విచ్చి వైరుకు తగినది వేయాలి. మాటిమాటికీ పడిపోతోందని పెద్దది వేస్తే, ఇక పడేది ఎంసీబీ కాదు, కాలేది వైరు. దారి మధ్యలో జాయింటు వద్దు. ఫేజూ న్యూట్రలూ రెండూ ఒకేసారి తెగే ఐసొలేటర్ స్విచ్చి ఒకటి యూనిట్ దగ్గరే, పని చేసేవాడి కంటికి ఆనేచోట ఉండాలి. ఎర్త్ వైరు పెట్టె బాడీకి స్క్రూతో గట్టిగా బిగించాలి. చుట్టి వదిలేసిన ఎర్త్ లేనట్టే.

ఇవి ఏ పుస్తకంలోనైనా ఉంటాయి. పుస్తకాల్లో నాకు దొరకనివి కొన్ని చెబుతాను.

చట్నీ

బంగారుపాళ్యం దగ్గర ఒక మామిడితోటల ఆసామి కొత్త ఇంట్లో ఎయిర్ హ్యాండ్లర్ పెడుతున్నాం. పనికి ముందు మునిరత్నం మెయిన్ స్విచ్చి దించాడు, ఇంట్లో అందరికీ చెప్పాడు. నిచ్చెనెక్కి సీలింగ్ సందులో నడుము దాకా దూరాడు. కాసేపటికి ఉన్నట్టుండి ఫ్యాను తిరిగింది. ఆయన వేళ్లు దానికి జానెడు దూరంలో ఉన్నాయి.

నేను బోర్డు దగ్గరికి పరుగెత్తాను. అక్కడ ఆసామి తల్లి మెయిన్ ఎత్తేసి నిలబడి ఉంది.

"ఎవురప్పా కరెంటు తీసేసిండేది? మిక్సీలో చట్నీ సగంలో నిలిచిపాయె" అంది నాతో.

పై నుంచి మునిరత్నం అరిచాడు. "అవ్వా, నన్ను పైకి పంపేదుంటే ముందే చెప్పకూడదా? ఇంటికాడ చెప్పొచ్చి ఉందును."

"నువ్వు పైనే ఉండావు కదప్పా, ఇంకా యాడికి పొయ్యేది?" అంది ఆమె. తర్వాత చట్నీతో మాకు దోసెలు కూడా పెట్టింది.

పాత రోజుల్లో ఫ్యూజు పీకి జేబులో వేసుకుని పనికి పోయేవాళ్లం. జేబులో ఉన్న ఫ్యూజును ఎవరూ తిరిగి పెట్టలేరు. ఎంసీబీని జేబులో వేసుకోలేం. ఎవరికి ఏం అవసరమొచ్చినా వేలితో ఎత్తేస్తారు. వాళ్ల ఇల్లు, వాళ్ల బోర్డు. చెప్పడం ఒక్కటే చాలదని ఆ రోజు మాకు తెలిసింది. అప్పటినుంచి మునిరత్నం పైకెక్కితే నన్ను బోర్డు కింద కుర్చీ వేసి కూర్చోబెట్టేవాడు. "నువ్వెట్లా పుస్తకం పట్టుకోనే తిరగతావు గదా, ఈడ కూర్చోని చదువుకో. ఎవురొచ్చినా ఆ స్విచ్చి ముట్టనియ్యబాక." నేను చదివిన పుస్తకాల్లో చాలావరకు అట్లా ఆ కుర్చీల్లో చదివినవే. ఇప్పుడు ఎంసీబీకి వేసే చిన్న తాళాలు వచ్చాయి. కొనుక్కోండి. కుర్చీ కంటే చవక.

చెప్పులు

మా మొదటి కాంట్రాక్టరు గోవిందస్వామి కోపిష్టి. కూలివాళ్లతో మర్యాదగా మాట్లాడడం ఆయనకు చేతకాదు. కానీ ఒక అలవాటు ఉండేది. పని అయ్యాక చెప్పులు విడిచి, నేల మీద కాసిని నీళ్లు చల్లి, ఆ తడిలో నిలబడి యూనిట్ బాడీని చేతి వెనక భాగంతో తాకేవాడు.

"ఏమప్పా, మీరు రబ్బరు చెప్పులేసుకోని ముట్టుకోని బాగుండాదంటే అయిపాయనా? ఇంటామె చెప్పులేసుకోని తుడస్తాదా?"

ఒంటితో పరీక్ష చేయడం తప్పు, మీరు చేయొద్దు. దానికి మీటర్లున్నాయి. కానీ ఆయన అన్నమాట సరైనది. మన ఇళ్లలో చెప్పులు గడప బయటే ఉంటాయి. నేల రోజూ తడిగుడ్డతో తుడుస్తారు. ఇంటి మనిషి ఎప్పుడూ వట్టి కాళ్లతో, చాలాసార్లు తడి నేల మీద ఉంటుంది. ఏ పనైనా ఆ కాళ్లను దృష్టిలో పెట్టుకుని చేయాలి.

నైరుతి మూల

ఎర్త్ అంటే ఇంట్లో ఇనుప వస్తువుల బాడీలన్నిటినీ వైరుతో నేలకు కలపడం. లోపల ఫేజు వైరు చర్మం చీలి బాడీకి తగిలితే, కరెంటు మనిషి ఒంట్లో నుంచి కాకుండా ఆ వైరులో నుంచి పోతుంది. ఈఎల్‌సీబీ అనే స్విచ్చి, కరెంటు పోకూడని దారిలో కొంచెం పోయినా చాలు, పసిగట్టి లైను తెంపేస్తుంది. ఈ రెండూ ఉండాలి. ఒకటి ఉంది కదా అని రెండోదాన్ని వదిలేయకూడదు.

మా వైపు నేల రాతినేల. ఆ వైరు నేలలోకి దిగే ఎర్త్ గుంత తవ్వడం కష్టం, తవ్వినా ఎండాకాలంలో ఎండిపోతుంది. అప్పుడప్పుడు నీళ్లు పోయమని ఇంటామెకు చెప్పి రావాలి. ఇంకో సమస్య వాస్తు. మీటరు ఒక మూల ఉంటుంది, గుంత ఆ దగ్గర్లో వేస్తే మంచిది. ఆ మూల నైరుతి అయిందంటే ఇంటివాళ్లు ఒప్పుకోరు. నైరుతిలో గుంత ఉంటే యజమాని ఆయువుకు మంచిది కాదంటారు. వాళ్లతో వాదించకండి. నేను వాదించి ఒక్కసారీ గెలవలేదు. వాళ్లు చూపించిన మూలలోనే తవ్వి, వైరు పొడుగ్గా లాగండి. పని చేసి పోయాక కూడా, మళ్లీ ఆ ఇంటికి ఎప్పుడు పోయినా గుంత ఉందో లేదో చూడండి. ఉన్న గుంతను పూడ్చిపెట్టినవాళ్లను నేను చూశాను.

ఫ్రీజర్ పెట్టె

మునిరత్నం ఇల్లు రేణిగుంట వైపు. ఆ రోజు పొద్దున టీ తాగుతూ గుండె పట్టుకుని కూలిపోయాడు. ఆసుపత్రికి పోయేలోపే అయిపోయింది. నేను చేరేసరికి ఇంటి ముందు షామియానా వేశారు. వరండాలో ఫ్రీజర్ పెట్టెలో ఆయన్ను పడుకోబెట్టారు. ఒక్కటే కూతురు, కవిత. హుబ్లీలో కాపురం. రైలెక్కింది, సాయంత్రానికి రేణిగుంటలో దిగుతుంది. అంతవరకు ఆయన్ను ఉంచాలి.

నాకు చదివే అలవాటు ఉంది కాబట్టి చావు గురించి కూడా చాలా చదివాను. చదివినవి ఏవీ ఆ వరండాలో గుర్తు రాలేదు.

ఆయన భార్య భాగ్యమ్మ పెట్టె పక్కన నేల మీద కూర్చుని ఉంది. ఒక అరచేయి పెట్టె అంచు మీద ఆనించి ఉంది. ఏడవడం లేదు. పెట్టె కింద నీళ్లు కారి నేలంతా తడిసింది. దండల నీళ్లు కూడా దాంట్లో కలిశాయి. ఆమె చీర అంచు ఆ తడిలోనే ఉంది.

నన్ను చూసి మెల్లగా అంది. "శేఖరా, మీ అన్న పలకతాండాడు."

నాకు అర్థం కాలేదు.

"చెయ్యి పెడితే తెలస్తాది. సన్నగా. పొద్దున్నుంచి నా చెయ్యి పట్టుకోనే ఉండాడు. నువ్వూ పెట్టి సూడు."

పక్కన ఉన్న ఆడవాళ్లు తలలూపారు. వాళ్లూ ముట్టుకున్నారట. ఒకామె చేతులు జోడించి, బిడ్డ వచ్చేదాకా పోనంటున్నాడు అంది.

నేను పెట్టెను ముట్టుకోలేదు. ముట్టుకోవలసిన పని లేదు. పెట్టె నుంచి వచ్చిన వైరు కిటికీలో నుంచి హాల్లోకి పోయింది. ఏసీ ప్లగ్గు పీకేసి, ఆ సాకెట్‌లో దీన్ని పెట్టారు.

"వదినా, చెయ్యి తీసేయ్" అన్నాను.

"ఏంటికి?"

"అది కరెంటు వదినా."

ఆమె నా వైపు చూసింది. కోపం లేదు. "మీ అన్న కరెంటుతోనే కదా బతికినాడు. ఇంకెట్లా పలకతాడు?"

ఆమె చెయ్యి తీయలేదు. అట్లాంటప్పుడు మనిషిని పట్టుకుని లాగకూడదు, లాగినవాడికీ తగులుతుంది. నేను లోపలికి పోయి మెయిన్ దించేశాను. ఫ్యాన్లు ఆగాయి. పెట్టె రొద ఆగింది. ఆమె అరుపు నాకు లోపలికి వినిపించింది.

"ఏం చేస్తివి శేఖరా? పలకడం లేదే!"

భాగ్యమ్మ తమ్ముడు చెంగల్రాయులు నా మీదికి వచ్చాడు. ఏర్పాట్లన్నీ అతనే చూస్తున్నాడు. "ఏందప్పా ఇది? బిడ్డ సాయంత్రానికి గాని రాదు. కరెంటు తీసేస్తే అంతదాకా ఎట్ల నిలస్తాది?"

"మూత తెరవకుంటే కొంచేపు చల్లదనం ఉంటాది. అంతలోపల బాగు చేస్తా. ఇట్లే ఉంటే మీ అక్క ఉండదు."

అతని మొహం మారింది. పొద్దున జరిగింది చెప్పాడు. మొదట పెట్టెను వరండాలో మామూలు సాకెట్‌కు పెట్టారు. ఎవరో పెట్టె మీద చెయ్యి వేయగానే ఈఎల్‌సీబీ పడిపోయింది. ఎత్తారు, మళ్లీ పడింది. పెట్టె తెచ్చినవాడు, ఇళ్లలో ఇట్లా పడేది మామూలే, ఏసీ లైనుకు పెట్టండి, పడదు అన్నాడట. నిజంగానే పడలేదు.

నేను బోర్డు తెరిచాను. ఏసీ లైను ఈఎల్‌సీబీ గుండా పోవడం లేదు. దానికంటే ముందే, మెయిన్ నుంచి నేరుగా తీసి ఉంది. వైరు మడత, టేపు చుట్టిన తీరు మునిరత్నానివి. నేను ఎక్కడ చూసినా గుర్తుపడతాను.

"ఎర్త్ గుంత యాడ?" అని అడిగాను.

చెంగల్రాయులు చెప్పాడు. "లేదప్పా. నైరుతిలో ఉండిందని సిద్ధాంతి తీసేయమన్నాడు. బావ నగరిలో పనికి పోయుంటే నేనే కాంక్రీటు పోయించి బండలు పరిపించినా. వచ్చినాక అరిచినాడు. తూర్పు పక్క ఇంకోటి తవ్వుకుంటాలే అన్నాడు. బావ బాగుండాలనే చేసింటి."

అతన్ని తప్పుపట్టడానికి అది చోటు కాదు.

మునిరత్నం ఆ లైనును ఎందుకు మార్చాడో నాకు తెలియదు. ఊహించగలను. వానాకాలంలో ఇండోర్ ట్రే నీళ్లు ఎక్కడో తగిలి ఈఎల్‌సీబీ పడుతుండి ఉంటుంది. ఊళ్లో పనులు చూసుకుని వచ్చాక సొంత ఇంట్లో నిచ్చెన వేసే ఓపిక ఉండదు. ఇప్పటికి నేరుగా ఇచ్చి, తర్వాత చూద్దామనుకుని ఉంటాడు. గుంత కూడా తర్వాతే. వేరే ఇంట్లో ఎవరైనా ఇట్లా చేసి ఉంటే ఆయనే వైరు పీకి వాళ్ల చేతిలో పెట్టి వచ్చేవాడు. కొత్తగా వచ్చేవాళ్లకు నేను చెప్పేది ఇదే. తాత్కాలికంగా ఇచ్చిన లైను తాత్కాలికంగా ఉండదు. అది మనం చనిపోయాక కూడా ఉంటుంది.

మునిరత్నం పనిసంచి తెప్పించుకుని పెట్టె పక్క మూత విప్పాను. కంప్రెసర్‌కు పోయే వైరు ఇనుప చట్రానికి రాసుకుని చర్మం అరిగిపోయింది. దాని మీద తేమ చెమటలా పట్టి ఉంది. ప్లగ్గులో ఎర్త్ పిన్నుకు వైరే లేదు. అప్పటికి చేతికి సన్నటి చిమచిమగానే ఉంది. తడి ఇంకా లోపలికి పోయుంటే అది చిమచిమగా ఉండదు. చెయ్యి వదలదు.

పెద్దవాళ్లలో ఒకాయన షామియానా కింది నుంచి అన్నాడు. "ఇంత తతంగం ఏంటికి? నిలవదనుకుంటే ఎత్తేద్దాం. బిడ్డకు చెప్పుకుందాం."

"నా బిడ్డ సూడకుండా ఎత్తనీను" అంది భాగ్యమ్మ. అని, నా పక్కకు వచ్చి కూర్చుంది. నేను వైరు కోస్తుంటే చూసింది.

"ఆ లోపలి లైను ఎవురు వేసింది శేఖరా?"

"అన్నే వేసినాడు."

"తప్పుగానా?"

అబద్ధం చెప్పడానికి ఆ రోజు కంటే మంచి రోజు ఉండదు. కానీ ఆ ఇంట్లో ఇక ముందు ఉండేది ఆమె. "తప్పుగానే వదినా."

"ఆయప్ప తప్పుగా వేయడు."

"బయట వేయడు. ఇంట్లో వేసినాడు."

ఆమె అరిగిన వైరు ముక్క చేతిలోకి తీసుకుని, వేలితో తడిమి కింద పెట్టింది.

అరిగిన చోటు తీసేసి కొత్త వైరు వేశాను. చట్రానికి తగలకుండా కట్టాను. మూడు పిన్నుల కొత్త ప్లగ్గు వేసి, ఎర్త్ పెట్టె బాడీకి బిగించాను. పక్కింటాయన వాళ్ల లైను వాడుకోమన్నాడు. వాళ్ల సాకెట్‌లో ఫేజుకూ ఎర్త్‌కూ మధ్య బల్బు పెట్టి చూశాను. అది వెలిగీ వెలగకముందే ఈఎల్‌సీబీ పడింది. ఎర్త్ ఉంది, ఈఎల్‌సీబీ కూడా పనిచేస్తోంది. గోడ మీదుగా, ఎర్త్ తీగతో సహా మూడు కోర్ల వైరు లాగి పెట్టెకు ఇచ్చాం. రొద మొదలైంది. మేము చూస్తూ నిలబడ్డాం. ఈఎల్‌సీబీ పడలేదు. నేల తుడిపించాను. పెట్టె బాడీకీ నేలకూ మధ్య మీటరు పెట్టి చూశాను. ఏమీ చూపించలేదు.

"ఇప్పుడు ముట్టుకోవచ్చు వదినా" అన్నాను.

ఆమె చెయ్యి పెట్టింది. కాసేపు ఉంచింది. తర్వాత తీసి ఒళ్లో పెట్టుకుంది. అప్పుడు ఏడ్చింది.

కవిత సాయంత్రం ఆటో దిగి చెప్పులు గేటు దగ్గరే వదిలి పరుగెత్తుకొచ్చింది. వచ్చినదే పెట్టె మీద పడి రెండు చేతులతో చుట్టుకుంది. చెంప అద్దానికి ఆనించి నాయనా నాయనా అని పిలుస్తోంది. మధ్యాహ్నం జరిగింది చూసిన ఆడవాళ్లు బెదిరిపోయారు. ఇద్దరు ముగ్గురు ఆమె భుజాలు పట్టుకున్నారు. "వద్దు తల్లీ, షాకు కొడతాది, ఇట్లా రా" అంటూ వెనక్కి లాగారు.

భాగ్యమ్మ కూర్చున్న చోటు నుంచే చెయ్యెత్తి వాళ్లను ఆపింది.

"పట్టుకోనియ్యండి. దాంట్లో ఇప్పుడేమీ లేదు."